దుర్గ వంతు

పోయిన వారం మనం కిరండూల్ రైలుని సొరంగంలో వదిలేశాం. ముప్ఫై ఏళ్ళ కిందట విశాఖలో జువాలజీ ఎమ్మెస్సీ చదివిన బ్యాచ్ అంతా ఒకే బోగీలో అరకు బయల్దేరింది. వాళ్ళలో వాళ్ళు ప్రేమించి పెళ్ళి చేసుకున్న జంట ఒక్కటే. రవిబాబు, సాయిదుర్గ. సొరంగం చీకట్లో అందరూ కుర్రాళ్ళలా ఈలలు వేస్తుంటే, రవిబాబు పక్కనే కూర్చున్న భార్య కుడిచేతి చిటికెన వేలు పట్టుకుని మెల్లగా వెనక్కి విరిచాడు. "తేజ ఎక్కడుంది?" అని చెవిలో అడిగాడు. తేజ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఇల్లు విడిచి వెళ్ళి నెల దాటింది. దుర్గ చెప్పలేదు. వేలు విరిగింది. బోగీలోకి వెలుతురు వచ్చేసరికి అతను కూడా అందరితో పాటు ఈల వేస్తున్నాడు.

అరకు స్టేషన్లో దిగేటప్పటికి ఆ వేలు వాచి నల్లబడింది. తలుపు సందులో పడి నలిగిందని దుర్గ అందరికీ చెప్పింది. అలాంటివి చెప్పడం ఆమెకి అలవాటే. రమణి మాత్రం ఏమీ అడగలేదు. స్టేషన్ బయట కొట్లో ఐస్‌క్రీం పుల్ల ఒకటి అడిగి తెచ్చి, వేలికి దన్నుగా పెట్టి, చేతిరుమాలుతో గట్టిగా కట్టింది. రమణిది హుకుంపేట పక్క పల్లె. హాస్టల్లో దుర్గకి రూమ్మేటు. ఇప్పుడు సొంత మండలంలోనే ఆడపిల్లల హైస్కూల్లో టీచరు. కట్టు కడుతూ తలెత్తకుండా, తేజ బాగానే ఉందని, పొద్దున ఇడ్లీ తిన్నదని చెప్పింది. తేజని దాచింది రమణి అక్క ఇంట్లోనే.

స్టేషన్ నుంచి జీపుల్లో అనంతగిరి వైపు వచ్చి, తారురోడ్డు మీద దిగి, కొండదారి పట్టుకుని గాసి తోటకి చేరారు. గాసి కూడా ఆ బ్యాచ్ వాడే. కొండదొరల తెగ కుర్రాడు, ఆ రోజుల్లో క్లాసులో అందరికంటే తక్కువ మాట్లాడేవాడు. ఇప్పుడతనికి సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోట ఉంది. మిరియాల తీగలు చెట్ల మీదికి ఎగబాకి ఉన్నాయి. కాఫీ పళ్ళు ఎర్రగా పండి కోతల రోజులు కావడంతో, ఏటవాలులో కూలీలు బుట్టలు నడుముకి కట్టుకుని పళ్ళు కోస్తున్నారు. పళ్ళు ఆరబోసే సిమెంటు కళ్ళంలో సగం ఖాళీ చేసి, పైన టార్పాలిన్ కట్టి, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేశారు. అరకు నుంచి మైకు, స్పీకరు తెప్పించారు. ఒక మూల నిప్పుల మీద వెదురు బొంగుల్లో కోడిమాంసం ఉడుకుతోంది.

ఈ సమావేశానికి పెద్ద సర్వేశ్వరరావు. ఎమ్మెస్సీ అయ్యాక లా చదివి లాయరయ్యాడు. బ్యాచ్‌లో ఎవరింట్లో తగాదా వచ్చినా అతని దగ్గరికే వెళ్ళేవారు. మెత్తటి మనిషి, మెత్తటి గొంతు. అతనే పద్ధతి చెప్పాడు. ఫేర్‌వెల్ నాటినుంచి ఇవాళ్టిదాకా ఎవరి బతుకు వాళ్ళు, ఎవరి నోటితో వాళ్ళే చెప్పుకోవాలి. గొప్పలకి పోకూడదు, దాచకూడదు.

అలాగే మొదలైంది. వరహాలరావు బ్యాంకులో చేరి, రెండు మాట్లు గుండెపోటు వచ్చి, మూడోది రాకముందే రిటైరైపోతున్నానన్నాడు. ఒకావిడ భర్త పోయాక డ్రైవింగ్ నేర్చుకున్నానని చెప్పి, అంతకు మించి మాట్లాడలేక కూర్చుంది. ఇంకొకాయన తన కొడుకుతో మాటలు లేవన్నాడు. నవ్వులూ, చప్పట్లూ, ముక్కు చీదుకోవడాలూ. దుర్గకి వాటిలో సగమే వినబడుతున్నాయి. వేలిలోంచి పుట్టిన నొప్పి మోచేతి దాకా పాకింది. పక్క కుర్చీలో రవిబాబు మోకాలు ఆమె మోకాలికి ఆనుకుని ఉంది. ఎవరైనా చూస్తే ముచ్చట పడతారు. ఆమె కాస్త జరిగితే ఆ మోకాలు కూడా జరిగేది.

గాసి వంతు వచ్చింది. అతను మైకు తీసుకోలేదు. తన గొంతు ఆ కొండదాకా వినబడుతుందని, దీనికి కరెంటు ఎందుకని అన్నాడు. పొద్దుటినుంచి అందరూ అతని మొహాన్ని చూసీ చూడనట్టు చూస్తున్నారు. ఎడమ చెంప కంటి కిందనుంచి దవడ దాకా గోనెసంచి మూతి కుట్టినట్టు ముడుచుకుపోయి ఉంది. పైపెదవి ఒక పక్కకి లాక్కుపోయి పళ్ళు కనిపిస్తాయి. దాని సంగతి అతనే చెప్పాడు.

ఇలాగే కోతల రోజుల్లో పొద్దున్నే తోటలోకి వెళ్ళాడట. పనస చెట్టు వెనకాల ఎలుగుబంటి ఉంది, పిల్లలతో ఉంది. అతను చూసేలోపు అది లేచి నిలబడింది. ఒక్క పంజా దెబ్బకి చెంప ఊడి కిందికి వేలాడింది.

"నొప్పి తెలీనేదు. నోరు మూసుకునే ఉన్నాను గానీ పళ్ళకి సల్లగాలి తగల్తంది. అదేటో అర్తం కానేదు ముందు," అన్నాడు గాసి.

మళ్ళీ అది మొహం మీదికి వస్తే చెయ్యి దాని నోట్లోకి తోసేశాడట. ముంజేతి ఎముక నమిలేసింది. అప్పటికి అతని భార్య గంగ గొడ్డలి పట్టుకుని పరుగెత్తి వచ్చింది. వెన్ను మీద ఒక వేటు, తల మీద ఒక వేటు వేసింది. అది ఆమెని కూడా తొడ మీద గీరి, పిల్లల్ని తోలుకుని అడవిలోకి పోయింది. ఊడిన చెంపని అరచేత్తో అదిమి పట్టుకుని, గంగ అతన్ని రోడ్డు దాకా వీపున మోసుకెళ్ళింది. గాసి అంతా చెప్పి, ఆ ఎలుగు మీద తనకి కోపం లేదన్నాడు. పిల్లల తల్లి, దాని భయం దానిది అన్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నిప్పుల దగ్గర కూర్చున్న గంగ ఒక బొంగు తిరగేసింది. రవిబాబు గట్టిగా నిట్టూర్చాడు.

"ఒరే గాసీ, నువ్వు ఒక్కరోజే ఎలుగుతో పడ్డావు. నేను ముప్ఫై ఏళ్ళుగా పులితో కాపరం చేస్తున్నాను."

మగవాళ్ళందరూ ఘొల్లున నవ్వారు. బరువు దిగిపోయినట్టు ఆడవాళ్ళు కూడా కొందరు నవ్వారు. ఆ నవ్వుల మీదే రవిబాబు లేచి మైకు అందుకున్నాడు. తమ ఇద్దరిదీ కలిపి తనే చెప్పేస్తానన్నాడు.

అతను మాట్లాడితే ఎవరికైనా వినబుద్ధవుతుంది. భీమిలి తీరంలో మూడు రొయ్యపిల్లల హేచరీలు పెట్టిన కథ, తుపానుకి మొత్తం కొట్టుకుపోతే మళ్ళీ లేచిన కథ చెప్పాడు. దుర్గ లేకపోతే తను లేనన్నాడు. ఆ తర్వాత, బ్యాచ్ అంతా ఎదురుచూస్తున్న కథకి వచ్చాడు. క్యాంటీన్ వెనకాల ఒక జూనియర్ కుర్రాడు దుర్గని ఏదో అన్నాడు. రవిబాబు హాకీ స్టిక్కు పట్టుకుని వెళ్ళాడు. ఇప్పుడు కట్టెల్లోంచి ఒక బొంగు ముక్క తీసుకుని ఆ రోజు ఎలా కొట్టాడో చేసి చూపించాడు. మొదటి దెబ్బ మోకాలి మీద. వాడు కూలబడ్డాక భుజం మీద. వద్దన్నా అని వాడు చేతులు జోడిస్తే ఆ చేతుల మీద.

"ఎముక విరిగిన చప్పుడు లైబ్రరీ దాకా వినబడింది. వరహాలూ, నువ్వే సాక్షి," అన్నాడు.

వరహాలరావు లేచి ఈల వేశాడు. చప్పట్లు మోగాయి. ఆ సాయంత్రమే దుర్గ తనకి ఐ లవ్ యూ చెప్పిందని రవిబాబు ముగించి, మైకుని అవతలి కుర్చీలో ఆయనకి ఇవ్వబోయాడు.

రమణి లేచింది. మధ్యలో చెయ్యి పెట్టి మైకు తీసుకుంది. ఎవరి నోటితో వాళ్ళే చెప్పాలి కదా అని సర్వేశ్వరరావుకి గుర్తుచేసి, మైకు తెచ్చి దుర్గ ఎడం చేతిలో పెట్టింది.

దుర్గ నిలబడింది. చెప్పాల్సింది నెలరోజులుగా మనసులో వల్లెవేసుకుంటూనే ఉంది.

"ఇప్పుడు విన్నవి రవి కబుర్లు. నావి వేరే ఉన్నాయి," అంది.

మొగుణ్ణి నలుగురిలో పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందో ఆమెకే తెలియదు. పెళ్ళయ్యాక అతను మీరు అనమన్నాడు. ఇవాళ నోరు దానంతట అదే పాత పిలుపుకి వెళ్ళిపోయింది.

ముందు ఆ జూనియర్ సంగతి చెప్పింది. అతను ఏమీ అనలేదు, డిసెక్షన్ బాక్సు అడగడానికి వచ్చాడు. ఆ సాయంత్రం తను రవితో ప్రేమమాట చెప్పింది నిజమే. భయపడి చెప్పింది. ఇరవై ఏళ్ళ పిల్లకి భయానికీ ప్రేమకీ తేడా తెలియలేదు, అంతే.

తర్వాత పెళ్ళయిన కొత్తల్లోకి వచ్చింది. ఇంటికి ఎవరో అతిథులొచ్చారు. మాటల్లో రవిబాబు టైగర్ రొయ్య శాస్త్రీయ నామం తప్పు చెప్పాడు. దుర్గ నవ్వుతూ సరిదిద్దింది. క్లాసులో రోజూ చేసిన పనే. అతిథులు వెళ్ళాక అతను వంటింట్లోకి వచ్చాడు. స్టౌ మీద పాలు పొంగుతున్నాయి. గిన్నె పట్టకారుతో దించి, ఆ పాలు ఆమె పాదాల మీద పోశాడు. తొందరేమీ లేకుండా, పూలకుండీకి నీళ్ళు పోసినట్టు పోశాడు. ఆ మాట చెబుతూ దుర్గ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తింది. పాదాల మీద చర్మం తెల్లగా, ముడతలుగా మెరిసింది. ముందు వరసలో ఎవరో మొహం తిప్పుకున్నారు.

"వరహాలూ, నా దవడ విరిగినప్పుడు మీ ఆవిడా నువ్వూ ఆస్పత్రికి బత్తాయిలు తెచ్చారు. బాత్రూంలో కాలు జారిందని రవి చెప్పాడు. నా పళ్ళు తీగతో కట్టేసి ఉన్నాయి, నేను ఏమీ చెప్పలేకపోయాను. మీరు వెళ్ళాక ఆ బత్తాయి రసం గొట్టంతో నేనే తాగాను. రవే పట్టాడు గ్లాసు."

వరహాలరావు తన బూట్ల వైపు చూసుకున్నాడు.

ఇంక తేజ సంగతి మిగిలింది. మొన్న వానాకాలం చివర్లో రవిబాబు తనని గోడకి అదిమి పట్టుకుంటే తేజ అడ్డం వచ్చిందని, అతని చేతిలో ఇస్త్రీపెట్టె ఉందని చెప్పింది. వేడిది కాదు, కానీ ఇనుముది. దాంతో కూతుర్ని చెవి మీద కొట్టాడు. ఆ పిల్లకి ఎడమ చెవి ఇంక వినబడదు. అప్పుడే ఆ పిల్లని ఇల్లు దాటించింది. అది ఎక్కడుందో చెప్పనందుకు ఈ పొద్దున సొరంగంలో ఈ వేలు పోయింది.

"నేను ఇంక కొండ దిగి ఆ ఇంటికి వెళ్ళను. మీ అందరి ముందూ ఎందుకు చెబుతున్నానంటే, రేపు నేను ఘాట్‌లో ఎక్కడో పడి చచ్చిపోయానని తెలిస్తే, పాపం కాలు జారిందట అని మీరు అనుకోకూడదు."

డ్రైవింగ్ నేర్చుకున్న ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రవిబాబు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, జాలిగా నవ్వుతున్నాడు. మాత్రలు వాడుతోంది, రెండేళ్ళుగా ఇంతే, నాకు మాత్రం అలవాటైపోయింది అని పక్కాయనతో అందరికీ వినబడేలా అన్నాడు. దుర్గ చూస్తుండగానే కొన్ని మొహాలు ఆ మాటని పట్టుకున్నాయి. నమ్మడానికి అదే సుళువు మరి.

సర్వేశ్వరరావు లేచి దగ్గరికొచ్చాడు. "ఇవి మైకులో చెప్పేవి కావమ్మా దుర్గా. ఇలా ఇయ్యి. సాయంత్రం రవితో నేను మాట్లాడతాను," అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడంటే, దుర్గ చెయ్యి మైకు ఇచ్చేయడానికి కాస్త ముందుకి వెళ్ళింది కూడా. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

అప్పుడు రవిబాబు లేచాడు. నవ్వు చెదరకుండానే వచ్చి ఒక చెయ్యి ఆమె భుజం చుట్టూ వేశాడు. రెండో చేత్తో కట్టు కట్టిన వేలుని గుప్పిట్లో పట్టి పిసికాడు. లోపల ఐస్‌క్రీం పుల్ల పుటుక్కుమంది. ఎడం చేతిలో మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది. దుర్గ గొంతులోంచి వచ్చిన కేక స్పీకర్లోంచి తోట మీదుగా లోయలోకి పోయి, అవతలి కొండకి తగిలి వెనక్కి వచ్చింది. ఏటవాలులో పళ్ళు కోస్తున్న కూలీలు నడుములు ఎత్తి నిలబడ్డారు.

గాసి వచ్చాడు. "ఆ సెయ్యి ఒగ్గీ, రవీ," అన్నాడు.

"నా పెళ్ళాం. మా ఇంటి సంగతి."

"ఇది మాత్రం నా ఇల్లు," అన్నాడు గాసి.

రవిబాబు మోచెయ్యి ఎత్తి గాసి మొహం మీద కొట్టాడు. సరిగ్గా ఆ కుట్ల చెంప మీదే కొట్టాడు. పాత మచ్చ పగిలి నెత్తురు గడ్డం మీదికి కారింది. గాసి కదలకుండా అతని మెడ పట్టుకున్నాడు. ఇద్దరూ కుర్చీల మీద పడ్డారు. కుర్చీలు విరిగాయి. రవిబాబు పొర్లుతూ నిప్పుల పక్కకి వెళ్ళి, బొంగులు చీల్చడానికి గంగ పెట్టుకున్న కత్తి అందుకున్నాడు.

అంతవరకూ వద్దురా వద్దురా అంటూ చుట్టూ తిరుగుతున్న స్నేహితులు ఆ కత్తి చూశాక ఒక్కరు కూడా ముందుకి రాలేదు. అందరూ కలిసి వెనక్కి వెళ్ళారు.

మొదటి వేటుకి గాసి చెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు దగ్గర మొదలై మోచేతి దాకా కండ విచ్చుకుంది. ఒక క్షణం తెల్లగా కనిపించి, తర్వాత నెత్తురు నిండింది. గాసి వెనక్కి తూలి, ఆరబోసిన కాఫీ పళ్ళ మీద వెల్లకిలా పడ్డాడు. గంగ పరుగెత్తుకొచ్చి రవిబాబు చొక్కా వెనకనుంచి పట్టి లాగింది. అతను చూడకుండానే కత్తి వెనక్కి తిప్పాడు. కత్తి పిడి గంగ కణతకి తగిలి ఆమె మోకాళ్ళ మీద కూలింది. రవిబాబు గాసి మీదికి వంగి, ఈసారి మెడకి గురి చూసి చెయ్యెత్తాడు.

నిప్పుల్లోంచి కొరివి ఎప్పుడు తీసిందో దుర్గకి గుర్తులేదు. సగం కాలిన వెదురు దుంగ, చివర ఎర్రగా రగులుతోంది. దాన్ని ఎడం చేత్తో పట్టుకుని, ఎత్తిన ఆ మణికట్టు మీద కొట్టింది. కత్తి ఎగిరి పోయింది. అతను వెనక్కి తిరిగాడు. ఆ మొహంలో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. ఆమె ఆ మొహం మీదే కొట్టింది. నిప్పురవ్వలు లేచాయి, జుట్టు కాలిన కంపు వచ్చింది. అతను కళ్ళు మూసుకుని కూలబడితే భుజం మీద కొట్టింది. చేతులు అడ్డం పెడితే ఆ చేతుల మీద కొట్టింది.

ఇంత తేలికా అనిపించింది. ఇన్నేళ్ళూ కొండంత అనుకున్న మనిషి కట్టె కింద కుక్కలా ముడుచుకుపోతున్నాడు. కొట్టే చేతికి అలుపు రాలేదు. ఇంకా కొట్టాలని ఉంది. ఆ కోరిక కడుపులోంచి తియ్యగా, వెచ్చగా పైకి వస్తోంది. ఇదేనా ఇతనికి ఇన్నాళ్ళూ కలిగింది అని ఒక మూల తోచింది. తోచినా చెయ్యి ఆగలేదు.

ఎవరో వెనకనుంచి నడుం పట్టుకున్నారు. గంగ. కణత మీద నెత్తురు కారుతూనే ఉంది.

"ఇంక సాలమ్మా. సచ్చిపోతాడు. ఆడి కోసం నువ్వు జైలుకెల్తావేటి," అంది గంగ. కొరివిని దుర్గ వేళ్ళలోంచి ఒక్కొక్క వేలే విడదీసి తీసుకుంది.

అప్పుడు వచ్చారు మగవాళ్ళందరూ. నలుగురు రవిబాబు మీద కూర్చున్నారు. వరహాలరావు టార్పాలిన్ తాడు విప్పి అతని చేతులు వెనక్కి కట్టాడు. కడుతూ ఏడుస్తున్నాడు. అతన్ని ఈడ్చుకెళ్ళి కాఫీ పళ్ళ తొక్క తీసే మిషను ఉన్న రేకుల షెడ్డులో పడేసి, ఇనుప తలుపు వేసి తాళం పెట్టారు. మళ్ళీ ఎవరూ చెయ్యి చేసుకోకూడదు, పోలీసులు వచ్చేదాకా చట్ట ప్రకారం ఉండాలి అని చెప్పి సర్వేశ్వరరావు తాళంచెవి తన దగ్గర పెట్టుకున్నాడు. లాయరు మాట కాబట్టి ఎవరూ కాదనలేదు.

గంగ తన చీర చెంగు చింపి గాసి చెయ్యి భుజం దగ్గర బిగించింది. తోటలో ఫోన్లకి సిగ్నల్ లేదు, జీపులేమో కింద తారురోడ్డు మీద ఉన్నాయి. కూలీలు దుప్పటితో డోలీ కట్టి గాసిని పడుకోబెట్టారు. అతను స్పృహలోనే ఉన్నాడు. దుర్గ వంగి చూస్తే ఏదో అనబోయి, పెదవి కదపలేక, బాగున్న చేత్తో ఆమె చేతిని తట్టాడు. డోలీ వెంట గంగ, డోలీ మొయ్యడానికి మారు మనుషులుగా వరహాలరావూ మిగతా మగవాళ్ళూ బయల్దేరారు. తాళంచెవి ఉన్న సర్వేశ్వరరావు ఒక్కడే షెడ్డు కాపలాకి ఆగాడు. అరకు ఆస్పత్రికి, పోలీసులకి సిగ్నల్ దొరికిన చోటినుంచి ఫోన్ చేస్తానని రమణి కూడా పరుగులాంటి నడకతో దిగింది. మిగిలిన ఆడవాళ్ళు గాసి ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

దుర్గ కళ్ళం పక్క కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. అరచెయ్యి బొబ్బలెక్కింది. విరిగిన వేలు ఇప్పుడు నొప్పి కూడా పెట్టడం లేదు. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, ఇప్పుడు ఏం చెయ్యాలో తనకి ఎవరూ చెప్పడం లేదు.

షెడ్డులోంచి పిలుపు వినిపించింది. "దుర్గా."

ఆమె వెళ్ళకూడదనుకుంది. కాళ్ళు వెళ్ళాయి. తలుపుకి రెండడుగుల దూరంలో ఆగింది.

రేకుల వెనకనుంచి రవిబాబు నెమ్మదిగా మాట్లాడాడు. తిట్టలేదు. పెళ్ళికి ముందు మాట్లాడిన గొంతు అది. మొహం కాలిందని, ఒక కన్ను తెరవలేకపోతున్నానని, అయినా తనకి కోపం లేదని అన్నాడు. తర్వాత, ఏదో మామూలు సంగతి అడిగినట్టు అడిగాడు.

"హుకుంపేట దాటాక ఎడమ పక్క మట్టిరోడ్డు. నీలం తలుపుల పెంకుటిల్లు. వెనకాల మేకల దొడ్డి. అదేనా?"

దుర్గ తలుపుకి వేసిన తాళం వైపు చూసింది.

"సొరంగంలో నిన్ను ఎందుకడిగాననుకున్నావు? నీ నోటితో చెబుతావేమో చూద్దామని. నాకు నిన్ననే తెలుసు. మనం రైలెక్కినప్పుడే మన కారు పాడేరు మీదుగా ఘాట్ ఎక్కింది. డ్రైవరొక్కడే కాదు, హేచరీ కుర్రాళ్ళు ఇంకో ఇద్దరున్నారు. ఈపాటికి అమ్మాయి వాళ్ళ చేతిలో ఉండి ఉంటుంది. పాపం, వెనకనుంచి వస్తే దానికి వినబడదు కదా."

దుర్గ రోడ్డు వైపు తిరిగింది. రమణిని కేకేయాలి. రమణి ఎప్పుడో వంపు దాటిపోయింది. అంతలో ఒక సంగతి తట్టి దుర్గ ఆగిపోయింది. ఆ నీలం తలుపుల ఇంటి సంగతి రమణి అక్కాచెల్లెళ్ళకి కాక లోకంలో ఇంకొక్క మనిషికే తెలుసు. పోయిన వారం కేసు కాగితాలు తయారు చేయాలంటే అమ్మాయి ఎక్కడుందో తెలియాలమ్మా, నా కడుపులోనే ఉంటుంది అంటే నమ్మి, దారితో సహా ఆ లాయరుకి తనే చెప్పింది.

కళ్ళంలో కాఫీ పళ్ళు ఎవరి కాళ్ళ కిందో నలిగిన చప్పుడైంది. సర్వేశ్వరరావు వస్తున్నాడు. విరిగిన కుర్చీలు దాటుకుంటూ, తొందర లేకుండా వచ్చి ఆమె ఎదురుగా ఆగాడు.

"పక్కకి జరుగమ్మా దుర్గా," అన్నాడు, అదే మెత్తటి గొంతుతో.

దుర్గ జరగలేదు. రెండడుగులు వెనక్కి వేసి, ఇనుప తలుపుకి వీపు ఆనించి నిలబడింది. ఆ తలుపు అవతలినుంచి రవిబాబు నవ్వడం వెన్నుకి తెలుస్తోంది.

సర్వేశ్వరరావు ఒకసారి గాసి ఇంటి వైపు చూశాడు. తలుపులు వేసే ఉన్నాయి. తాళంచెవి పళ్ళ మధ్య పెట్టుకుని, రెండు చేతులతో చొక్కా చేతులు పైకి మడుచుకోవడం మొదలుపెట్టాడు.